మేతంటే ఒక సుంకం.. మందంటే మరో సుంకం!

డబ్బా మీద మాటను బట్టే పన్ను * రొయ్యల రైతుకు తెలియకుండానే భారం * 19 ఏళ్లు నడిచిన విటమిన్‌ పొడి కేసు

యానాం: 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గౌతమి పాయ వెంట రొయ్యల రైతులందరి నోటా ‘టారిఫ్‌’ అన్న మాటే. చెరువు గట్టు మీద అదే చర్చ, టీకొట్టు దగ్గరా అదే చర్చ. కౌంటు ధర ఎంత పడిపోతుందో, పట్టుబడి ముందుకు జరపాలా ఆపాలా అన్నదే బెంగ. మన దగ్గర్నుంచి వెళ్లే రొయ్య మీద వేసిన సుంకం కాబట్టి అది అందరికీ కనబడింది. మన చెరువులోకి వచ్చే సరకు మీద కూడా సుంకం ఉందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టదు. అది షాపులో కొనే డబ్బాలోనో, సంచిలోనో, సీసాలోనో కలిసిపోయి వస్తుంది. రైతు చేతికిచ్చే బిల్లులో విడిగా కనబడదు.

యానాం నుంచి కాకినాడ రోడ్డెక్కి తాళ్లరేవు వైపు వెళ్లినా, బాలయోగి వారధి దాటి ఎదుర్లంక మీదుగా ఐ.పోలవరం, ముమ్మిడివరం వైపు వెళ్లినా ఆక్వా షాపులు కనబడతాయి. మందులు, మేతలు ఒకే షాపులో దొరుకుతాయి. రైతుకు అందులో తేడా ఏమీ లేదు. మేతకు జెల్‌ పట్టించి, దాంట్లో పొడి కలిపి ఆరబెట్టి చల్లేస్తాడు. అది మందో మేతో తేల్చుకోవాల్సిన పని అతనికి లేదు. కానీ ఓడరేవులో కస్టమ్స్‌ అధికారి అడిగే మొదటి ప్రశ్నే అది. మందంటే ఒక కోడ్‌, మేతంటే ఇంకో కోడ్‌. కోడ్‌ మారితే సుంకం మారుతుంది, అడిగే అనుమతి పత్రాలూ మారతాయి.

మూలికల వైపు ఎందుకు మళ్లారు?

టైగర్‌ రొయ్య కాలంలో తెల్లమచ్చ తెగులు చేసిన నష్టం ఈ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. 2009లో వనామీకి అధికారికంగా అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. దాంతోపాటే వైట్‌ గట్‌, ఈహెచ్‌పీ, విబ్రియో వంటి కొత్త బాధలూ వచ్చాయి. ఒకప్పుడైతే ఏదో ఒక యాంటీబయాటిక్‌ పడేసేవాళ్లు. ఇప్పుడది కుదరదు. క్లోరాంఫెనికాల్‌, నైట్రోఫ్యూరాన్ల వంటి వాటి అవశేషాలు దొరికితే ఐరోపా, అమెరికా రేవుల నుంచి కంటైనర్‌ వెనక్కి వచ్చేస్తుంది. చెన్నైలోని కోస్టల్‌ ఆక్వాకల్చర్‌ అథారిటీ వీటిని నిషేధించింది. చెరువులో వాడే సరకు యాంటీబయాటిక్‌ లేనిదని ధ్రువీకరించుకునే ఏర్పాటు కూడా చేసింది.

ఆ ఖాళీలోకి వచ్చినవే మూలికల సరకులు. వెల్లుల్లి, పసుపు, వేప, ఉసిరి లాంటివి మన దగ్గరే దొరుకుతాయి. బయటి దేశాల నుంచి వచ్చేవీ ఉన్నాయి. చెరువులో అమ్మోనియా పెరిగితే గోదావరి రైతు వెంటనే అడిగేది యుక్కా. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో ఎడారి. ఇక్కడ గ్లాసుడు నీళ్లకు కరవు లేని లంక భూముల్లో, ఎక్కడో ఎండిపోయిన నేల మీద బతికే మొక్క రసాన్ని చల్లుకోవడం వింతగానే ఉంటుంది. వాము వాసన వచ్చే ఒరెగానో నూనె కూడా అలాంటిదే. కోళ్ల మేతలోనూ, రొయ్యల మేతలోనూ పేగు బాగుండాలని కలుపుతున్నారు.

ఒకే వేరు.. నాలుగు చోట్లు

మన కస్టమ్స్‌ టారిఫ్‌ చట్టం 1975 నాటిది. వర్తకంలో ఉన్న ప్రతి వస్తువుకూ దాని పట్టికలో ఒక నంబరుంటుంది. మొదటి 6 అంకెలు బ్రసెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్‌ సంస్థ ఖాయం చేసినవి. 200కు పైగా దేశాలు, ప్రాంతాల్లో అవే నడుస్తాయి. తర్వాతి 2 అంకెలు మన దేశం సొంతంగా కలుపుకొన్నవి. చూడటానికి అంతా లెక్కగానే ఉంటుంది. చిక్కల్లా మూలికల దగ్గరే.

మందులకు వాడే ఒక వేరునే తీసుకుందాం. ఎండబెట్టి అలాగే తెచ్చినా, పొడి కొట్టి తెచ్చినా అది 1211. దాని సారం తీసి తెస్తే 1302. అదే సారాన్ని ఇంకో నాలుగింటితో కలిపి, పశువులకు పెట్టే మేతలో కలపడానికి తయారు చేస్తే 2309. జబ్బు నయం చేయడానికో, రాకుండా ఆపడానికో తయారు చేసిందైతే 3003. అదే మోతాదు కట్టి చిల్లరగా అమ్మేలా ప్యాక్‌ చేస్తే 3004. వేరు అదే, నేల అదే. మనిషి దానికేం చేశాడు, ఎందుకు చేశాడు అన్నదాన్ని బట్టి ఇల్లు మారిపోతుంది.

ఈ 2309 ఇంట్లోనూ గదులున్నాయి. చిల్లర ప్యాకింగ్‌లో వచ్చే కుక్క, పిల్లి తిండి 2309 10 00. రొయ్యల మేత 2309 90 31. ఎందులోనూ చేరనివన్నీ చివర్లో 2309 90 90. మూలికల సప్లిమెంట్లు తెచ్చేవాళ్లు ఎక్కువగా తలుపు తట్టేది ఈ చివరి గదినే.

మేతకూ మందుకూ మధ్య గీత ఎక్కడ? ప్రపంచ కస్టమ్స్‌ సంస్థ ఇచ్చిన వివరణ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అరుగుదల పెంచేవి, తిన్నది ఒంటపట్టేలా చేసేవి, ఆరోగ్యం కాపాడేవి కూడా 2309లోనే ఉండొచ్చట. విటమిన్లు, ఖనిజాలు, ఆకలి పుట్టించేవి.. చివరికి మేతలో కలిపే యాంటీబయాటిక్‌ పేరు కూడా ఆ వరుసలో ఉంది. అంటే ‘ఆరోగ్యం కోసం’ అన్నంత మాత్రాన మందైపోదు. అందులో పనిచేసే పదార్థం ఏమిటి, ఎంత పాళ్లలో ఉంది, దేనిలో కలిపారు, ఎందుకు వాడతారు అన్నవన్నీ కలిపి చూసి, పశువైద్యానికి వాడే మందే అని తేలితే అప్పుడే 3003 గానీ 3004 గానీ.

కాగితం మీద ఇది బాగానే ఉంది. డబ్బా మీదకొచ్చేసరికే తంటా. అమ్మకం కోసం ‘వైట్‌ గట్‌కు రామబాణం’ అని అచ్చు వేస్తే, ఓడరేవులో అదే మాట దిగుమతిదారు మీదకు తిరిగి వస్తుంది. జబ్బు నయం చేస్తుందని చెప్పుకొన్నాక మేత అంటే అధికారి ఊరుకోడు. మందైతే 1940 నాటి డ్రగ్స్‌ అండ్‌ కాస్మెటిక్స్‌ చట్టం కింద రిజిస్ట్రేషన్‌, దిగుమతి లైసెన్సు ఏవీ అంటాడు. అవి లేకపోతే సరకు అక్కడే ఆగిపోతుంది. రేవులో ఉన్నన్నాళ్లూ డెమరేజీ పెరుగుతూనే ఉంటుంది.

పోనీ డబ్బా మీద మందని రాసుకుంటే అన్నిచోట్లా మందైపోతుందా అంటే అదీ లేదు. బైద్యనాథ్‌ వారి దంత్‌ మంజన్‌ లాల్‌ అనే ఎర్ర పళ్లపొడి ఆయుర్వేద మందా, మామూలు పళ్లపొడా అన్న ఎక్సైజ్‌ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొనేవాడు దాన్ని ఏమనుకుంటున్నాడన్నదే కోర్టు ముఖ్యంగా చూసింది. పొద్దున్నే లేచి పళ్లు తోముకునేదాన్ని ఎవరూ మందనుకోరని 2009లో మరోసారి తేల్చేసింది. మూలికలున్నా సరే, తయారీ పద్ధతి ఆయుర్వేదమే అయినా సరే.. అది పళ్లపొడే.

నీళ్లలో చల్లితే మేతవుతుందా?

యుక్కా సంగతి ఇంకా తమాషా. కొందరు దాన్ని మేతకు పట్టిస్తారు, ఎక్కువమంది నీళ్లలో కలిపి చెరువంతా చల్లుతారు. రొయ్య దాన్ని తినాలని కాదు, నీటిలో అమ్మోనియా తగ్గాలని. మరి 2309 చెబుతున్నది ‘పశువుల మేతకు వాడే తయారీలు’ అని కదా. చెరువు నీళ్లకు వాడేది మేత ఎలా అవుతుందని అధికారి అడిగితే దిగుమతిదారు దగ్గర జవాబుండాలి. ఉత్త సారమే అయితే 1302 వైపు చూడాలి. క్రిములను చంపుతుందని రాస్తే 3808 ముందుకొస్తుంది. అది క్రిమిసంహారకాల ఇల్లు. ప్రోబయాటిక్స్‌కూ ఇదే గొడవ. బతికున్న బ్యాక్టీరియా కల్చరైతే 3002. దాన్నే తవుడు లాంటిదాంట్లో కలిపి మేత కోసం తయారు చేశామంటే 2309 అని వాదన. వాడేది ఒక్కడే రైతు, ఒకటే చెరువు. కాగితాల్లో మాత్రం అయిదారు ఇళ్లు.

1999లో వచ్చిన పొడి.. 2018లో తీర్పు

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు. ఈ దేశంలో పన్ను మినహాయింపు చట్టాన్నే మలుపు తిప్పిన కేసు రొయ్యల మేత పేరు మీద నడిచిందే.

1999 ఆగస్టులో ముంబయి రేవుకు విటమిన్‌ ఈ-50 పొడి వచ్చింది. డబ్బా మీద ‘ఫీడ్‌ గ్రేడ్‌’ అని ఉంది. దిగుమతి చేసుకున్న దిలీప్‌ కుమార్‌ అండ్‌ కంపెనీ దాన్ని 2309 90 కింద రొయ్యల మేతగా చూపింది. ఆ ఏడాది ఇచ్చిన 20వ నంబరు కస్టమ్స్‌ నోటిఫికేషన్‌ ప్రకారం రొయ్యల మేతకు సుంకం 5 శాతమే. కస్టమ్స్‌ అధికారులు ఒప్పుకోలేదు. ఇది మేత కాదు, మేతలో కలిపే రసాయనం, కాబట్టి 29వ అధ్యాయం కిందికి వస్తుంది, 30 శాతం కట్టాల్సిందే అన్నారు. లక్ష రూపాయల సరకుకు 5 వేలా, 30 వేలా? గొడవంతా అదే.

దిగుమతిదారు చేతిలో అప్పటికే ఒక బలమైన తీర్పుంది. సన్‌ ఎక్స్‌పోర్ట్‌ కార్పొరేషన్‌ కేసులో 1997లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. అదీ ఇలాంటి పొడి మీదే.. విటమిన్‌ ఏడీ-3 మిక్స్‌, ఫీడ్‌ గ్రేడ్‌. పశువుల మేత అన్న మాటలో మేతకు తోడుగా ఇచ్చే సప్లిమెంటు కూడా ఉంటుందని కోర్టు అప్పుడు చెప్పింది. నోటిఫికేషన్‌కు రెండు అర్థాలు వచ్చే వీలుంటే పన్ను కట్టేవాడికి మేలైనదే తీసుకోవాలనీ చెప్పింది. దాన్ని పట్టుకునే అప్పీలు కమిషనర్‌ దగ్గరా, ట్రైబ్యునల్‌ దగ్గరా దిగుమతిదారే గెలిచాడు.

కస్టమ్స్‌ శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 నాటి మాట సరైనదేనా అన్న అనుమానం అక్కడ న్యాయమూర్తులకే వచ్చింది. చివరికి విషయం అయిదుగురి రాజ్యాంగ ధర్మాసనం ముందుకు చేరింది. జస్టిస్‌ రంజన్‌ గొగోయ్‌, జస్టిస్‌ ఎన్‌.వి.రమణ, జస్టిస్‌ ఆర్‌.భానుమతి, జస్టిస్‌ మోహన్‌ ఎం.శాంతనగౌడర్‌, జస్టిస్‌ ఎస్‌.అబ్దుల్‌ నజీర్‌ అందులో ఉన్నారు. తీర్పు రాసింది జస్టిస్‌ రమణ. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టి, కొంతకాలం తెలుగు పత్రికలో విలేకరిగా పనిచేసి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన మన తెలుగాయన. 2023లో ఆంధ్రప్రదేశ్‌ గవర్నర్‌గా వచ్చిన అబ్దుల్‌ నజీర్‌ ఆ అయిదుగురిలో మరొకరు.

2018 జులై 30న తీర్పు వచ్చింది. పన్ను వేసే చట్టంలోనే సందేహం ఉంటే ఆ లాభం పన్ను కట్టేవాడికి పోతుంది. కానీ పన్ను తగ్గించే మినహాయింపు నోటిఫికేషన్‌లో సందేహం ఉంటే ఆ లాభం సర్కారుదే. తన సరకు ఆ మినహాయింపు కిందికి వస్తుందని రుజువు చేసుకోవాల్సిన బరువు అడిగేవాడి మీదే ఉంటుంది. 1997 నాటి తీర్పును ధర్మాసనం కొట్టేసింది.

ఒక్క విషయం చాలామంది పొరబడుతుంటారు. విటమిన్‌ ఈ-50 పొడి మేతా కాదా అన్నది ఆ అయిదుగురూ తేల్చలేదు. సూత్రం చెప్పి, కేసును మళ్లీ మామూలు ధర్మాసనానికి పంపారు. అయినా 19 ఏళ్ల తర్వాత వచ్చిన ఆ సూత్రమే ఇవాళ దేశంలో ప్రతి రేవులోనూ, ప్రతి పన్ను ఆఫీసులోనూ వినిపిస్తోంది.

చెరువులో తేలే లెక్క

రొయ్యల రంగానికి మినహాయింపులు తక్కువేమీ కాదు. 2023 బడ్జెట్‌లో ఆక్వా మేతకు వాడే చేప పొడి, క్రిల్‌ పొడి, ఖనిజ విటమిన్‌ ప్రీమిక్స్‌ల మీద సుంకాన్ని 15 నుంచి 5 శాతానికి తగ్గించారు. 2024 జులై బడ్జెట్‌లో రొయ్యల, చేపల మేత మీద కూడా 5 శాతం చేశారు. మేత తయారీకి వాడే మరికొన్నింటికి సుంకమే లేదన్నారు. 2025లో ఫిష్‌ హైడ్రోలైజేట్‌ వంతు వచ్చింది. వినడానికి బాగున్నాయి. అయితే ప్రతి మినహాయింపు వెనకా ఏ వస్తువుకు, ఏ పనికి అన్న షరతు ఉంటుంది. 2018 తీర్పు తర్వాత ఆ షరతులో అక్షరం అటూ ఇటూ అయినా దిగుమతిదారు గెలవడం కష్టం. ‘ప్రీమిక్స్‌’ అన్న మాటలో మూలికల మిశ్రమం పడుతుందా? పడుతుందని వాదించొచ్చు. సందేహమని తేలితే మాత్రం నష్టం వాదించినవాడిదే.

2011 నుంచి దిగుమతిదారే తన సుంకం తాను లెక్కగట్టుకుని బిల్‌ ఆఫ్‌ ఎంట్రీ వేయాలి. కోడ్‌ రాసేది అతనే, తప్పయితే బాధ్యుడూ అతనే. సరకు బయటికొచ్చేసిన తర్వాత కూడా మామూలు కేసుల్లో 2 ఏళ్ల వరకు, కావాలని దాచారని తేలితే 5 ఏళ్ల వరకు తేడా సుంకానికి నోటీసు ఇవ్వొచ్చు. అప్పటికి ఆ డబ్బా ఎవరి చెరువులోనో కరిగిపోయి ఉంటుంది. ఆ చెరువు రొయ్యను ఎవరో ఎక్కడో తినేసి కూడా ఉంటారు. పాత అమ్మకాల మీద షాపువాడి దగ్గరా, రైతు దగ్గరా మళ్లీ వసూలు చేసుకోవడం కుదరదు. ఆ భయం కలిగిన వ్యాపారి ముందే ధరలో కొంత వేసుకుంటే తప్పుపట్టేదెవరు?

జీఎస్టీ దగ్గర కూడా ఇదే కోడ్‌ వెంటాడుతుంది. ఆక్వా మేత, దాని సప్లిమెంట్లు, అడిటివ్‌లు 2309 కింద ఉంటే పన్ను సున్నా. మందైతే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 శాతం. మేతలో కలిపే విటమిన్లు 2309లోకా, విటమిన్ల ఇల్లయిన 2936లోకా అన్న సందేహం మీద 2018 డిసెంబరు 31న కేంద్రం సర్క్యులర్‌ ఇచ్చింది. ప్రత్యేకంగా పశువుల మేతకే వాడే సరకుగా వ్యాపారంలో పేరుంటేనే 2309 అన్నది దాని సారాంశం. 2936 అయితే అప్పట్లో 18 శాతం. వెయ్యి రూపాయల డబ్బా మీద 180 రూపాయలన్నమాట. షాపువాడు తాను కట్టింది తన లెక్కలో సర్దుకుంటాడు. రైతుకు ఆ వీలు లేదు. చెరువులో పట్టిన తాజా రొయ్య మీద జీఎస్టీ లేదు కాబట్టి, కొన్న సరకు మీద కట్టిన పన్ను తిరిగి రాబట్టుకునే దారీ లేదు. అది చెరువు ఖర్చులోనే మిగిలిపోతుంది.

సరిహద్దు దాటినా మారనిది

యానాం వాళ్లకు సుంకం కొత్త కాదు. 1954 వరకు ఇక్కడ ఫ్రెంచి పాలన, పక్కనున్న నీలపల్లిలో అడుగు పెడితే ఇంకో దేశం. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి విదేశీ సరకు కొనుక్కుని వెళ్లేవారని పెద్దలు చెప్పుకొనేవారు. ఇప్పుడు ఆ గీత రాష్ట్రానికీ కేంద్రపాలిత ప్రాంతానికీ మధ్య మిగిలింది. కాకినాడ నుంచి యానాం షాపుకు డబ్బాల పెట్టె వస్తే అది అంతర్రాష్ట్ర వ్యాపారం, బిల్లులో ఐజీఎస్టీ పడుతుంది. 2020లో ఆంధ్రప్రదేశ్‌ తెచ్చిన చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం తాళ్లరేవు చెరువుకు వర్తిస్తుంది, యానాం గట్టు దాటదు. కస్టమ్స్‌ కోడ్‌కు మాత్రం ఈ సరిహద్దు లెక్కలేదు. సరకు కాకినాడలో దిగినా, విశాఖలో దిగినా, చెన్నైలో దిగినా కోడ్‌ అదే, సుంకం అదే.

సందేహం ఉన్నవాళ్లు సరకు తెప్పించక ముందే అడిగి తెలుసుకునే దారి ఒకటుంది. కస్టమ్స్‌ అథారిటీ ఫర్‌ అడ్వాన్స్‌ రూలింగ్స్‌ అని 2021 నుంచి ఢిల్లీ, ముంబయిల్లో పనిచేస్తోంది. ఫీజు 10 వేల రూపాయలు. 3 నెలల్లో జవాబివ్వాలని చట్టం చెబుతోంది. మేతలో కలిపే అడిటివ్‌ల మీద అక్కడికి దరఖాస్తులు వెళ్తూనే ఉన్నాయి. ఏ మూలిక ఎంత పాళ్లలో ఉంది, దేనిలో కలిపారు, మేతలో ఎంత కలపాలి, నీళ్లలో చల్లుతారా అన్నవన్నీ స్పష్టంగా రాసి, తయారీ పద్ధతితో పాటు లేబుల్‌ ప్రతి కూడా జత చేస్తే రూలింగ్‌ గట్టిగా ఉంటుంది. అది నిర్ణీత కాలం పాటు చెల్లుతుంది, ఈలోగా చట్టం మారితే అంతటితో సరి. అడిగిన వ్యాపారికి, అడిగిన ఆ సరకుకే వర్తిస్తుంది. పక్క షాపువాడు తెచ్చుకున్న కాగితం జిరాక్స్‌ తీసి చూపిస్తే చెల్లదు. రూలింగ్‌ వచ్చాక లేబుల్‌ మీద ‘వైట్‌ గట్‌కు రామబాణం’ అని కొత్తగా అచ్చు వేయించుకుంటే, కథ మళ్లీ మొదటికే.